నీలం చెవుల గొర్రెలు

నా మొదటి పరిశోధన గురించి ఎవరడిగినా గొర్రె పేగుల దగ్గర మొదలుపెడతాను. చచ్చిన గొర్రె పేగును రెండు వైపులా దారంతో బిగించి, ఆ ముక్క కోసి, ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని కారంపూడి నుంచి నరసరావుపేటలోని మా పశువైద్య ల్యాబుకు బస్సులో తెచ్చేవాణ్ణని, నా పక్కసీటు ఎప్పుడూ ఖాళీయేనని చెబితే అందరూ నవ్వుతారు. నేనూ నవ్వి అక్కడితో ఆపేస్తాను. మిగతాది చెప్పడానికి ఇన్నేళ్ళూ మొహం చెల్లలేదు.

ఎనభైల నడిమి సంగతి. గొర్రెలకు చిటుక రోగం అని ఒకటుంది. తొలకరికి మొలిచిన లేతగడ్డి ఆబగా మేస్తే పేగులో ఒక సూక్ష్మజీవి పెచ్చుమీరి విషం కక్కుతుంది. పొద్దున గంతులేసిన గొర్రె మధ్యాహ్నానికి పళ్ళు కొరుక్కుంటూ పడిపోతుంది. అదీ మందలో బాగా బలిసిందే పోతుంది. దానికి మేము తయారుచేసిన కొత్త టీకా ఏపాటి పనిచేస్తుందో తేల్చడం నా ఉద్యోగం.

కారంపూడి అవతల ఒక ఊళ్ళో ఒకాయన మందను ఎంచుకున్నాను. యాభై దాటిన మనిషి, సెంటు భూమి లేదు, ఉన్నదల్లా ఆ గొర్రెలే. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఎండాకాలం చివర ఆయన దొడ్డి వాకిట్లోంచి ఒక్కొక్క గొర్రెనే వదులుతుంటే, ఒకదానికి టీకా, దాని వెనకదానికి ఉత్త ఉప్పునీళ్ళు పొడిచాను. టీకా పడినదాని చెవికి ఎర్రరంగు, నీళ్ళు పడినదానికి నీలం. తేడా తెలియాలంటే అలాగే చెయ్యాలి. కానీ సంగతి విడమరిచి చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే చెయ్యమన్నారు మా పెద్దసారు. ఒప్పుకోడేమోనని నేను చెప్పలేదు. తప్పు ఇంకెవరి మీదికన్నా నెడదామంటే నాకు ఆ దారి కూడా లేదు.

"రెండు రంగులేంది బాబూ?" అనడిగాడు.

"రెండు రకాల మందులు బాబాయ్. రెండూ మంచివే."

రెండూ మంచివేనా అని ఆయన అడగనే లేదు. అయినా అంత నున్నగా అబద్ధమాడాను.

తొలకరి పడ్డ వారానికే కబురొచ్చింది. వెళ్ళేసరికి ఏడు గొర్రెలు పోయాయి. అప్పుడే పోయిన ఒకదాన్ని నేను కోస్తుంటే ఆయన దాని కాళ్ళు కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. దారం కడుతుంటే, "నీ ముడి వదులుగా ఉంది, ఇటియ్యి" అని తీసుకుని తనే బిగించాడు. చేతులు కడుక్కుంటూ నా వైపు చూడకుండా అన్నాడు:

"సచ్చినయ్యన్నీ నీలం సెవులయ్యే బాబూ. ఆ సీసాలో మందు సెడిపోయినట్టుంది. ఇంకో ఊళ్ళో ఎయ్యమాక, పాపం."

ఆయన గొర్రెలు పోయి ఆయన కూర్చుంటే, ఇంకో ఊరి గొర్రెల గురించి ఆలోచిస్తున్నాడు. నేను మాత్రం, "అవును బాబాయ్, ఎండకు చెడి ఉంటుంది" అన్నాను.

"అట్టయితే మిగిలిన నీలం సెవులవాటికి ఆ ఎర్రమందు ఏసి పో."

ఎర్రమందు నా ఫ్లాస్కులోనే ఉంది, చల్లగా, చాలినంత. వేస్తే నా ప్రయోగం అక్కడితో చెడుతుంది. ఇంకో నెల ఆగితే పూర్తవుతుంది. "అయిపోయింది బాబాయ్, ఈసారి తెస్తా" అన్నాను. ఫ్లాస్కును కాలితో వెనక్కి జరిపాను కూడా. ఆ కాలును తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నెల తర్వాత వెళ్ళాను. నీలం చెవులవి మూడు మిగిలాయి. ఎర్రవి ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. చాలా చక్కని ఫలితం. నా మొదటి వ్యాసం దాని మీదే అచ్చయింది, ప్రమోషనూ దాని వల్లే వచ్చింది. మిగిలిన మూడింటికీ ఆ రోజు టీకా వేశాను. ఆయన ఒక్కోదాన్నీ మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకున్నాడు. అన్నీ అయ్యాక తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"తప్పు నాదే బాబూ. ఏటా తొలకరప్పుడు ముందు గుట్టెక్కించి ఎండుగడ్డి మేపేవోణ్ణి. కడుపు సగం నిండినాకే పచ్చికలోకి దించేది. ఈ ఏడు నీ సూదులు పడ్డయ్యిగదా, ఏం కాదులే అని పొద్దున్నే పచ్చికలోకి తోలా. బద్ధకించి నీ మందుకు సెడ్డపేరు తెచ్చా. ఏమనుకోమాక."

అప్పుడన్నా చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది. ఆయన నా జవాబు కోసం భయంభయంగా చూస్తున్నాడు.

"పర్లేదులే బాబాయ్" అన్నాను. ఆయన్ని క్షమించి బస్సెక్కాను.