జ్వరం లేనోళ్లకే బిస్కెట్లు

జ్వరమొస్తే పండగే... మా చిన్నప్పుడు! కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ప్రొద్దుటూరులో బిస్కెట్టంటే రోగుల తిండి. ఒళ్లు కాలితేనే ఇంట్లోకి వచ్చేది. చంకలో ఉల్లిపాయ పెట్టుకుని నేనెన్ని వేషాలేసినా మా అవ్వ నమ్మితేగా!

ఆ బిస్కెట్లు కాల్చేది మా పక్కింటి ఖాదర్ మామ. యుద్ధం రోజుల్లో రంగూన్ నుంచి నడిచొచ్చిన మనిషి... ఆ నడక ఇక్కడికొచ్చాకా ఆగలేదు. కూర్చోమంటే కూర్చోడు. భట్టీకీ వీధికీ మధ్య తిరుగుతూనే ఉండేవాడు. ఊళ్లో జ్వరాలు తగ్గితే పాపం ఆయన భట్టీ చల్లారిపోయేది.

"ఊరు సల్లగుంటే నాకు పస్తు. ఏం బతుకమ్మా ఇది?" అనేవాడు.

మా అక్క పెళ్లికి నెయ్యి వేసి మరీ కాల్చి, డబ్బా నిండా బిస్కెట్లు తెచ్చాడు. అవ్వ గుమ్మంలోనే అడ్డుకుంది.

"శుభమా అని పెండ్లి జరుగుతాంటే రోగిష్టోళ్ల తిండి తెస్తావా? ఏందప్పా నువ్వు!"

మామ ముఖం మాడిపోయింది. డబ్బా భుజానికెత్తుకుని విసవిసా బస్టాండుకు నడిచాడు. అవ్వ మీద నాకు ఒళ్లు మండిపోయింది... పరికిణీ ఎగ్గట్టి నేనూ వెంటపడ్డాను.

జమ్మలమడుగు బస్సు కదలబోతోంది. మామ కిటికీల కింద నిలబడి ఒకటే కేక.

"జ్వరం లేనోళ్లకే బిస్కెట్లు! జ్వరమున్నోళ్లకు ఇయ్యను, పోండి!"

ఉన్న బేరమే జ్వరాలవాళ్లది... అదీ వదులుకుంటే ఇల్లెట్లా గడుస్తుంది?

"ఏమప్పా, నాకు యాడుంది జ్వరం? పట్టి సూడు!" అంటూ డ్రైవరు చెయ్యి చాపాడు. మామ వైద్యుడిలా నాడి పట్టి చూసి, ఆ చేతిలో బిస్కెట్టు పెట్టాడు. ఇంకేముంది... బస్సంతా చేతులే!

ఆ కేకతోనే తొండూరు, పులివెందుల తిరిగాడు. ఇంకో భట్టీ వచ్చింది, మిషన్లు వచ్చాయి, బిస్కెట్ల కంపెనీ అయింది. మా అవ్వ కూడా పేరంటాలకు బిస్కెట్లు పెట్టేది... ఏమీ ఎరగనట్టు!

చాలా ఏళ్ల తర్వాత మామ మంచం పట్టాడు. ఒళ్లు పెనంలా కాలుతున్నా, భట్టీ చూసి రావాలని లేచి కూర్చునేవాడు. ఏమీ తినడంలేదని పాలల్లో బిస్కెట్టు ముంచి నోటి దగ్గర పెట్టాను. తల తిప్పేసుకున్నాడు.

"జ్వరంతో తిననమ్మా. నా మాట నేనే తప్పాల్నా? తగ్గినాక తింటాలే."

తగ్గలేదు...

ఇప్పుడు ఏ అంగట్లో చూసినా రంగురంగుల ప్యాకెట్లే. మా మనవళ్లు సగం కొరికి పారేస్తారు. మీ ఇళ్లల్లో బిస్కెట్టు ఎవరికి పెట్టేవాళ్లో చెప్పండి, వినాలనుంది. నేనైతే ఇప్పటికీ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాకే తింటాను...