ఓవర్సీర్ సాబ్ సంతకం పెట్టని పట్నం

ఆ రోజుల్లో మేడమీద కాపురముండే కుర్రాళ్లకు కింద కూడా ఓ ఇల్లుంటుందన్న ధ్యాస ఉండేది కాదు. నాకైతే అసలే లేదు. ఎల్దుర్తి నుంచి మెదక్ వచ్చి ఓ ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ, అక్కడే లెక్కలు చెప్పే మిత్రుడితో కలిసి ఒక గదిలో కిరాయికి ఉండేవాణ్ని. ఆ లెక్కల సారు (అందరూ అతన్ని అలాగే పిలిచేవారు, వాళ్లమ్మతో సహా) ఒకసారి హైదరాబాద్ వెళ్లి ఓ పెట్టె ఆట కొనుక్కొచ్చాడు. కార్డులతో పట్నం కట్టే ఆట. ఒక్కొక్కరి చేతికి కొన్ని కార్డులొస్తాయి. ఒకటి ఉంచుకుని మిగతావి పక్కవాళ్లకు ఇచ్చేయాలి. అలా చేతులు మారి వచ్చినవాటితో ఎవరి ముందు వాళ్లు ఇళ్లు, దుకాణాలు, పార్కులు, ఫ్యాక్టరీలు పేర్చుకోవాలి. దుకాణాలు వరుసగా పడితే పాయింట్లు పెరుగుతాయి, ఇంటి పక్కన ఫ్యాక్టరీ పడితే తరుగుతాయి. అంతే. కాని ఓడిపోయినప్పుడల్లా లెక్కల సారు పిడికిలితో నేలను గుద్దేవాడు. ఆ నేల కిందే ఇంటి ఓనరు పడకగది.

ఓనరును వీధంతా ఓవర్సీర్ సాబ్ అనేది. జనం ఇళ్ల ప్లాన్లు పరీక్షించి సంతకాలు పెట్టే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి (ఎక్కువగా పెట్టకుండానే తిప్పి పంపేవారని వినికిడి). ఓ శనివారం సాయంత్రం మెట్లెక్కి వచ్చి, ఈ చప్పుడుకు నిద్ర పట్టడం లేదని, చాలా మర్యాదగా, నెలాఖరుకల్లా వేరే గది చూసుకోమన్నారు. ఆ చప్పుడు ఎందుకొస్తోందో కళ్లారా చూస్తే ఆయన కోపం తగ్గుతుందన్న గొప్ప ఆలోచన నాదే. మర్నాడు వాళ్లు చర్చినుంచి వచ్చి భోంచేశాక, పెట్టె పట్టుకుని కిందికి దిగాం. ఆయన వద్దనేలోపే ఆయన భార్య బల్లమీది గిన్నెలు తీసేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. మేమావిణ్ని అమ్మా అనేవాళ్లం.

నేను క్లాసులో చెప్పినట్టే నియమాలన్నీ చెప్పాను. సాబ్ కళ్లద్దాలు తుడుచుకుని మొదటి కార్డునే అయిదు నిమిషాలు పరీక్షించారు. ఈ ఇంటికి తొవ్వేదని అడిగారు. మోరీ నీళ్లు ఎటు పోతాయన్నారు. ఫ్యాక్టరీ పొగ ఏ దిక్కుకు పోతుందో కార్డుమీద రాయలేదు కనుక దాన్ని ముట్టుకోనన్నారు. ఆట కనిపెట్టినవాళ్ల తరఫున నేను క్షమాపణ చెప్పుకున్నాను. చివరికి ఆయన పట్నంలో రెండిళ్లు, వాటి చుట్టూ పార్కులు వెలిశాయి. గాలీ వెలుతురూ పుష్కలం, పాయింట్లు మాత్రం లేవు. ఆయన కాదన్న కార్డులన్నీ పక్కనే ఉన్న అమ్మ చేతికి పోతున్నాయి. ఆవిడ మాట్లాడకుండా ఒక్కొక్కటే పేరుస్తోంది. చూస్తే అయిదు దుకాణాలు ఒకే వరుసలో, అటూ ఇటూ ఇళ్లు.

సాబ్ తలెత్తి చూశారు. "ఇండ్ల నడుమ గిన్ని దుకాండ్లా? నేనైతే సంతకం పెట్టను," అన్నారు.

అమ్మ చేతిలోని కార్డులు సర్దుకుంటూ నెమ్మదిగా అంది. "ముందటి అర్రల కుట్టుమిషిన్ పెట్టుకుంటనని ఎన్నిసార్లడిగిన? ఇండ్ల నడుమ దుకాణమొద్దన్నరు, ఊకున్న. ఇప్పుడు ఆటల గూడ మీ సంతకం కావాల్నా?"

మాట మారుద్దామని, నియమాల ప్రకారం అమ్మకే ఎక్కువ పాయింట్లొచ్చాయని నేను ప్రకటించాను. లెక్కల సారు బల్లకింద నా కాలు తొక్కాడు. సాబ్ లేచి, తన పార్కుల కార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చి నా చేతికిచ్చి, లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే నేను ఆ ఆటమీద నా బ్లాగులో పేద్ద సమీక్ష రాశాను (చదివేది లెక్కల సారు ఒక్కడే). బలాలు: నియమాలు తేలిక, అరగంటలో అయిపోతుంది, ఏది ఉంచుకోవాలి ఏది వదలాలి అన్న ఇరకాటం ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. బలహీనతలు: అదృష్టం పాలు కాస్త ఎక్కువ, ఎవరి పట్నం వాళ్లదే, ఎదుటివాళ్ల మీద దాని ప్రభావమేమీ ఉండదు. ఈ రెండో మాట కింద గీత కూడా గీశాను.

తర్వాతి ఆదివారం సాబ్ మళ్లీ మెట్లెక్కారు, చేతిలో కొలత టేపుతో. గది ఖాళీ చేయించడానికే అనుకుని ఇద్దరం లేచి నిలబడ్డాం. "సారూ, జర కిందికొచ్చి గీ కొస పట్టుకోండ్రి," అన్నారు. ముందరి గది గోడ కొలిచారు, గడప కొలిచారు, బయటికెళ్లి రోడ్డు దాకా కొలిచారు, లోపలికొచ్చి మళ్లీ గోడే కొలిచారు. నోటుపుస్తకంలో అంకెలన్నీ వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా, "దుకాణానికి షట్టర్ పడ్తది," అన్నారు. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికిగాని మళ్లీ మొదలు కాలేదు.

మమ్మల్ని పొమ్మన్న మాట తర్వాత ఆయన ఎత్తలేదు. కాని ముందరి గదిలోకి మిషను వచ్చాక, అక్కడున్న మంచం, సోఫా, బీరువా ఎక్కడో చోట సర్దాలి కదా. మా గదిలోకే వచ్చాయి. అలా మేం చేసిన ఘనకార్యం వల్లే మేం ఖాళీ చేయాల్సొచ్చింది. కొత్త గది వెతికింది మాత్రం సాబే. గాలి రాదని ఒకటి, మెట్లు నిలువుగా ఉన్నాయని ఇంకొకటి వద్దని, మూడోదానికి తలూపారు. వెళ్లేరోజు అమ్మ ఇద్దరికీ చెరో చొక్కా కుట్టి ఇచ్చింది. అంతవరకూ జాకెట్లే కుట్టిన చెయ్యి; నా చొక్కాకు నడుము దగ్గర బిగుతు ఎక్కువైంది. అయినా దాన్ని కాలేజీకి రెండేళ్లు వేసుకున్నాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఆఫీసు మిత్రులతో అప్పుడప్పుడు అదే ఆట ఆడతాను. కార్డులు పక్కకు జరిపేముందు, పక్కనున్నవాళ్లు ఏం కడుతున్నారో, దేనికోసం ఆగిపోయారో ఓసారి చూస్తాను. వాళ్లకు కావలసింది నా చేతిలో ఉంటే ఎందుకో ఉంచుకోబుద్ధి కాదు. మొన్న ఒకతను నవ్వుతూ, నీకీ ఆట అసలే రాదన్నా అన్నాడు. ఎవరి పట్నం వాళ్లదేనని బ్లాగులో గీత గీసి మరీ తీర్పు చెప్పిన ఆ కుర్ర పంతులు గుర్తొచ్చి నేనూ నవ్వాను.