బాబూరావు బాప్తిస్మానికి వేణ్ణీళ్ళు

బంటుమిల్లి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లెలో వెంకాయమ్మ కాపురం. కాపురానికి వచ్చిన నాటి నుంచీ మొగుడి స్నానం ఆమెకి పెద్ద తతంగమే. మొదట్లో ఊక పొయ్యి ఊదేది, తర్వాత హీటర్ రాడ్డు వచ్చింది. దేనితో కాచినా బాబూరావు మొదటి చెంబు ఒంటి మీద పోసుకుని, "కాగలేదే" అనేవాడు. ఒక్కరోజైనా బాగా కాగాయన్న పాపాన పోలేదు.

వాళ్ళ సంఘంలో బాప్తిస్మం అంటే కాలవలో పూర్తిగా మునగడమే. వెంకాయమ్మ పెళ్ళికి ముందే మునిగింది. బాబూరావు మాత్రం ఏటా తప్పించుకునేవాడు. పాస్టరు ప్రేమ్ సాగర్ గారు అడిగినప్పుడల్లా, "కాలవ కాచి పెట్టండి అయ్యగారూ, రేపే మునుగుతాను" అనేవాడు. అందరూ నవ్వేవారు. వెంకాయమ్మకి నవ్వొచ్చేది కాదు. ఈ మనిషి మునక్కుండానే పోతే, ఆయన లేని పరలోకంలో తనొక్కతే ఏం చేసుకోవాలని ఆమె భయం.

ఈ డిసెంబరులో బాబూరావు ఊపిరితిత్తులు చెడిపోయాయి. బందరు ఆసుపత్రిలో ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే పెళ్ళాం చెయ్యి పట్టుకుని, "నీళ్ళు కాచవే. మునుగుతాను" అన్నాడు.

నర్సు పని చేసే కూతురు బ్లెస్సీ తల్లిని పక్కకి పిలిచింది. "చన్నీళ్ళు తగిలితే నాన్నకి ఊపిరి అందదమ్మా. గోరువెచ్చన కూడా చాలదు, బాగా వేడిగా ఉండాలి."

చెరువుల దగ్గర రొయ్యలు పోసే పెద్ద టబ్బు తెచ్చి వాకిట్లో పెట్టారు. వెంకాయమ్మ కర్ర అడ్డంగా పెట్టి తన రాడ్డూ, పక్కింటి పుష్పావతి రాడ్డూ వేలాడదీసింది. చెరువుల మీద నీళ్ళల్లోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతుంటే ఇళ్ళల్లో ఓల్టేజీ ఎక్కడుంటుంది? లోపల ఆయాసం వినబడుతుంటే టబ్బు ముందు కూర్చుని, "ప్రభువా, కాస్త ఆగు" అని ప్రాధేయపడింది. చాలాసేపటికి ఆవిరి లేచింది. స్విచ్ ఆపి, ప్లగ్గులు పీకి, రాడ్లు తీసి చెయ్యి మోచేతి దాకా ముంచి చూసింది. నీళ్ళు చుర్రుమన్నాయి. ఆమె ప్రాణం లేచొచ్చింది.

అయ్యగారు వచ్చారు. బాబూరావుని ఎత్తి టబ్బులోకి దింపబోయారు. పాదాలు అడుక్కి తగలగానే అతను విలవిల్లాడి నోరు తెరిచాడు, గాలి లోపలికి వెళ్ళలేదు. గబగబా బయటికి తీశారు. వెంకాయమ్మ భుజం దాకా చెయ్యి దించింది. అడుగున నీళ్ళు మంచులా ఉన్నాయి.

బకెట్టులో అయితే రాడ్డు అడుగు దాకా దిగుతుంది. ఈ టబ్బుకి సగమే అందింది, అందిన మేరకే కాగింది. ఇన్నేళ్ళు రాడ్డు వాడిన మనిషికి కలపాలని తోచలేదు. ఇప్పుడు కలిపితే అంతా నులివెచ్చన అయి కూర్చుంది. మళ్ళీ రాడ్లు వేసి స్విచ్ నొక్కితే కరెంటు లేదు. గ్యాస్ మీద కాచిన రెండు గిన్నెలు గుమ్మరించినా టబ్బుకి చీమ కుట్టినట్టైనా లేదు. వెంకాయమ్మ నెత్తి కొట్టుకుంది. ఇన్నేళ్ళు ఆయన కోసం అడిగిందానికి ఇదా జవాబని దేవుణ్ణి లోలోపలే నిలదీసింది.

"తల మీద నాలుగు చుక్కలు చల్లుతానమ్మా, దేవుడికి హృదయం చాలు" అన్నారు అయ్యగారు. బాబూరావు తల అడ్డంగా ఊపి టబ్బు వైపు వేలు చూపించాడు. గోళ్ళు నీలంగా మారుతున్నాయి. కరెంటు వచ్చేదాకా ఆగే స్థితి కాదని బ్లెస్సీ ముఖమే చెప్పింది.

వెంకాయమ్మ చీరతోనే టబ్బులోకి దిగి కూర్చుంది. ఆపాటికి ఆ కాస్త వెచ్చదనమూ చల్లారిపోయింది, చలి నడుముని పట్టేసింది. "ఇలా ఇవ్వండి" అని మొగుణ్ణి తన ఒళ్ళోకి తీసుకుని, వీపు తన గుండెకి ఆనించుకుంది. అయ్యగారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామం పలికి అతని తల ముంచి లేపారు.

బాబూరావు చాలాసేపు గాలి కోసం వెతుక్కున్నాడు. వెనక ఆమె పళ్ళు టకటకలాడడం విన్నాడు కాబోలు, మెడ కాస్త తిప్పాడు.

"బాగా కాగాయే" అన్నాడు.

అదే ఆఖరి మాట. పొద్దు వాలేలోగా పోయాడు. అతను చెప్పింది అబద్ధమని వెంకాయమ్మకి తెలుసు. ఆ నీళ్ళల్లో తనూ కూర్చునే ఉంది కదా.