బ్యాండ్ అమ్మాయికి నేను వేసిన అరవై ఏడు

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, ఆగస్టు రెండో వారంలో, అమెరికాలోని ఫ్రిస్కోలో నేను పనిచేసే పబ్లిక్ హైస్కూల్లో నాకొక అదనపు బాధ్యత అప్పగించారు. అప్పటికి చాలా ఏళ్ళుగా అక్కడ ప్రీకాల్క్యులస్ లెక్కలు చెబుతున్నాను. కొత్త బాధ్యతను బ్యాండ్ అకడమిక్ మానిటర్ అనేవారు. పేరు పెద్దది, పని చిన్నది. టెక్సస్‌లో ఒక నియమం ఉంది. గ్రేడింగ్ పీరియడ్ ముగిసేసరికి ఏ ఒక్క సబ్జెక్టులోనైనా డెబ్బై కంటే తక్కువ వస్తే, వారం గడువు దాటాక, ఆ విద్యార్థి ఆటల్లో గాని సంగీతం పోటీల్లో గాని పాల్గొనకూడదు. బ్యాండ్ పిల్లల మార్కులన్నీ చూసి, అలాంటివారి జాబితా రాసి, సంతకం పెట్టి బ్యాండ్ డైరెక్టర్‌కు ఇవ్వడం నా పని. ఎవరైనా సీజన్ మధ్యలో బ్యాండ్ మానేస్తే ఆ ఫారం మీద కూడా నా సంతకం ఉండాలి.

ఈ పని నాకు గౌరవంగా తోచలేదు. మా ముత్తాతగారి రోజుల్లో మా వాళ్ళకు సొంత బ్యాండు ఉండేది. ఎర్ర కోట్లు, ఇత్తడి బాకాలు, పండగలకూ పెళ్ళిళ్ళకూ వీధిలో కవాతు. వాయించేవాళ్ళు మా ఇంటి మెట్లు ఎక్కేవాళ్ళు కాదు. నాకు పదేళ్ళు వచ్చేసరికి బ్యాండూ లేదు, మెట్లూ లేవు. రేషన్ షాపు వరుసలో నిలబడినా వెన్ను వంచకూడదని మా అమ్మ నేర్పింది, నేర్చుకున్నాను. కానీ ఆ మెట్ల మీద నుంచి కిందికి చూసే చూపు కూడా దానితో పాటే నాకు వచ్చింది. బ్యాండ్ అంటే పిలిపించుకునేదే గాని మనం చేరేది కాదని నా అభిప్రాయం. బయటికి ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడాది నా క్లాసులో హారిక అనే పదకొండో తరగతి అమ్మాయి ఉండేది. మెల్లోఫోన్ వాయించేది. అది ట్రంపెట్ కంటే లావుగా, ముందుకు పెద్ద నోరు తెరుచుకుని ఉండే ఇత్తడి వాద్యం. ఎనిమిదిమంది మెల్లోఫోన్ పిల్లలకు తనే సెక్షన్ లీడర్, అంటే డైరెక్టర్ తరఫున ఆ ఎనిమిదిమందికీ జవాబుదారు. మొదటి గ్రేడింగ్ పీరియడ్‌లో నేను మూడు పరీక్షలు పెట్టాను. హారికకు మొదటి దానిలో డెబ్బై ఎనిమిది, రెండో దానిలో ఎనభై ఒకటి, మూడో దానిలో నలభై రెండు వచ్చాయి. సగటు అరవై ఏడు. మూడో పరీక్ష నాటికి బ్యాండ్ పోటీల కోసం రిహార్సల్స్ పెంచారు. ఆ రెండు విషయాలనూ కలిపి చూసుకోవడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

శుక్రవారం పేపర్లు ఇచ్చాక హారిక నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "ఆంటీ, నంబర్ ఫోర్ నాది కరెక్ట్ అనుకుంటున్నా. ఐ చెక్డ్ ఇట్ ట్వైస్."

"స్కూల్లో ఆంటీ కాదు, మిసెస్ రావు," అన్నాను. "రెండుసార్లు చెక్ చేశావంటే అదే తప్పు రెండుసార్లు చేశావన్నమాట."

పేపరు నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. పేపర్లు ఇంటికి పంపడం మాకు లేదు. చూసుకుని తిరిగి ఇచ్చేయాలి.

మరుసటి శుక్రవారంతో గ్రేడింగ్ పీరియడ్ ముగిసింది. సోమవారం సాయంత్రం హారిక తండ్రి కిశోర్ గారు బ్యాండ్ మానిపించే ఫారం నింపుకుని నా గదికి వచ్చారు. ఐటీ ఉద్యోగి, మంచి మాటకారి. తెలుగు టీచర్ దొరికినందుకు సంతోషంగా ఉన్నట్టు కనిపించారు.

"మేడమ్, మీకైతే చెబితే అర్థమవుతుంది. మనకి బ్యాండ్ అంటే ఏంటండీ? పెళ్ళికొడుకు ముందు నడిచేవాళ్ళు. మా అమ్మాయి అమెరికాలో పుట్టి అదే పని చేస్తోంది, పెళ్ళికొడుకు కూడా లేకుండా!"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"రోజూ మూడు గంటలు ఆ ఎండలో తిరిగి వస్తుంది. మ్యాథ్ పోయింది. కాలేజ్ అప్లికేషన్‌లో సిక్స్టీ సెవెన్ ఎలా ఎక్స్‌ప్లెయిన్ చేస్తామండీ? ఇంట్లో రెండు రోజులుగా మాట్లాడట్లేదు. మీరు చెప్పండి, బ్యాండ్ వల్లే కదా?"

"రిహార్సల్స్ పెరిగాయి, మార్కులు తగ్గాయి," అన్నాను. "నాకు వేరే కారణం కనిపించడం లేదు."

ఆయనకు కావలసింది ఆ మాటే. ఫారం నా టేబుల్ మీద పెట్టి, "గురువారం వచ్చి తీసుకుంటాను, సైన్ చేసి ఉంచండి" అన్నారు. శనివారం ప్రాంతీయ పోటీ. నా సంతకం పడితే హారికకు ఆ పోటీయే కాదు, బ్యాండే ఉండదు.

మంగళవారం జాబితా ఇవ్వడానికి డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన పేరు మిస్టర్ డాల్టన్. జాబితా చూడగానే సెక్షన్ లీడర్ పేరు తీసేయమని బతిమాలుతారనుకున్నాను. ఇవ్వవలసిన జవాబు దారిలోనే సిద్ధం చేసుకున్నాను. స్కూలు వెనక పార్కింగ్ లాట్‌లో ఫుట్‌బాల్ మైదానం గీతలు తెల్ల పెయింట్‌తో గీసి ఉన్నాయి, అక్కడే రిహార్సల్. సాయంత్రం నాలుగైనా తారు నుంచి సెగ కొడుతోంది. ఆయన ఇనుప టవర్ మీద నుంచి దిగి వచ్చి జాబితా చదివి, "మార్కులు సరైనవేనా?" అని ఇంగ్లీషులో అడిగారు. సరైనవేనన్నాను. "అయితే అలాగే. ఆమె చోటు ఖాళీగా నడుస్తుంది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను సిద్ధం చేసుకున్న జవాబుతో పని పడలేదు.

ఖాళీగా నడవడం అంటే ఏమిటో నాకు తెలియదు. ఆయన మెడలో వేలాడుతున్న ఒక చిన్న నోటు పుస్తకం విప్పి చూపించారు. ప్రతి విద్యార్థికీ అలాంటిది ఉంటుందట. పాటలో తాళం ఫలానా లెక్కకు వచ్చేసరికి మైదానంలో ఎక్కడ నిలబడాలో అందులో రాసి ఉంటుంది. ఎడమ వైపు నలభై గజాల గీతకు రెండడుగులు లోపల, ముందు అడ్డగీతకు ఆరడుగులు వెనక. అయిదు గజాలకు ఎనిమిదడుగులు పడాలి, అంటే అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. ఆ చోటును పిల్లలు డాట్ అంటారు. ఒకరు మానేస్తే ఆ డాట్‌లోకి ఇంకొకరు రారు, ఎందుకంటే ఇంకొకరికి తన డాట్ ఉంటుంది. అందరూ కలిసి ఏర్పరిచే ఆకారంలో ఒక కన్నం మిగులుతుంది.

"హారిక పుస్తకం చూస్తారా?" అని ఆమెను పిలిచి అడిగి ఇప్పించారు. ఆ సాయంత్రానికి ఆమెకు అన్నీ తెలుసు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా తన వరుస పిల్లల అడుగులు సరిచేస్తూనే ఉంది. పుస్తకంలో ఒక డాట్‌కూ తరువాతి డాట్‌కూ మధ్య సరిగ్గా సగం దారిలో ఎక్కడుండాలో ప్రతి పేజీలో పెన్సిల్‌తో లెక్క కట్టి ఉంది. భిన్నాలు, ఋణ సంఖ్యలు, అన్నీ. మధ్యబిందువు సూత్రం. నా కోసం ఎవరూ ఇంత శుభ్రంగా లెక్కలు చేసి ఇవ్వలేదు.

మళ్ళీ మొదలుపెట్టారు. స్పీకర్లో తాళం కొట్టే మెట్రోనోమ్ టకటకమంటోంది. పదహారు తాళాల దాకా నడిచి ఆగారు. ఆగగానే అక్కడక్కడా ఆరేడు చేతులు పైకి లేచాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అందులో హారిక చెయ్యి కూడా ఉంది.

ఏం కావాలట వాళ్ళకు, అని అడిగాను.

"ఏమీ వద్దు. తప్పు చేసినవాళ్ళు వాళ్ళు," అన్నారు డాల్టన్. "నేను వెతికే పని లేకుండా వాళ్ళే చెబుతారు."

"తరువాత ఏమంటారు మీరు?"

"'రీసెట్' అంటాను." అని టవర్ ఎక్కి ఆ మాటే అన్నారు. పిల్లలందరూ వెనక్కి, మునుపటి డాట్‌కు పరిగెత్తారు.

హారిక చేసిన తప్పు నాకు కనిపించలేదు. ఆమె పక్కవాడికీ కనిపించి ఉండదు. ఎవరూ చూడని తప్పుకు, బ్యాండ్‌లోంచి తీసేయబోతున్నారని తెలిసిన సాయంత్రం, ఆ పిల్ల చెయ్యెత్తింది. కారు దాకా నడుస్తుండగా ఇంకో సంగతి తట్టింది. తన తప్పు తనే చెప్పడానికి ఇంత అలవాటు పడిన పిల్ల, నాలుగో ప్రశ్న కరెక్టని నా దగ్గరికి వచ్చి చెప్పింది. నేను పేపరు తెరవనైనా లేదు.

బుధవారం నాకు క్లాసు లేని పీరియడ్‌లో మూడో పరీక్ష కట్ట విప్పాను. కాపీ కొట్టకుండా నేను పేపరు రెండు రకాలుగా తయారుచేసేదాన్ని. 'ఎ' రకం ఒక వరుసకు, 'బి' రకం పక్క వరుసకు. రెంటిలోనూ పెద్ద లెక్కలు ఒకటే. సరైన జవాబును ఎంచుకునే ఇరవై ప్రశ్నల క్రమం మాత్రం వేరు. దిద్దేటప్పుడు కూర్చునే వరుసలను బట్టి కట్టలు కట్టేదాన్ని. పేపరు మీద అచ్చయిన అక్షరం చూసేదాన్ని కాదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో నాకు కంఠతా వచ్చు.

హారిక పేపరు మీద బి అని ఉంది. పరీక్ష రోజు తన డెస్క్ ఊగుతోందంటే నేనే పక్క వరుసలోకి మార్చాను. తరువాత అది మరచిపోయి, ఆమె ఎప్పుడూ కూర్చునే వరుసను బట్టి 'ఎ' రకం జవాబుల కీతో దిద్దాను. పెద్ద లెక్కల్లో నలభైకి ముప్పై మూడు తెచ్చుకున్న పిల్లకు, సులువైన ఇరవై ప్రశ్నల్లో మూడే సరిగ్గా వచ్చాయంటే అప్పుడే అనుమానం రావాలి. నాకు రాలేదు, బ్యాండ్ ఉంది కదా. సరైన కీతో దిద్దితే పదహారు కరెక్ట్. నలభై రెండు కాస్తా ఎనభై ఒకటి అయింది. సగటు ఎనభై.

మార్కు మార్చడానికి ఒక ఫారం ఉంటుంది, కారణం దగ్గర టిక్ పెట్టాలి. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ మంచి మనసుతో, "రీకాలిక్యులేషన్ అని పెట్టేయండి మిసెస్ రావు, అందరూ అదే పెడతారు" అన్నారు. దాని కింద గడి టీచర్ పొరపాటు. ఆ రెండు గడుల ముందు నేను కూర్చున్నంత సేపు ఏ ఫారం ముందూ కూర్చోలేదు. మా ఇంట్లో పొరపాటు ఒప్పుకునే ఆచారం లేదు. పొరపాట్లన్నీ గుమాస్తావే. గుమాస్తాలందరూ వెళ్ళిపోయాక వకీళ్ళవి, వకీళ్ళ తరువాత కాలానివి. ఇల్లూ ఆస్తీ అన్నీ పోయినా, మా తాతగారు తప్పు చేశారన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. నేను కింది గడిలో టిక్ పెట్టాను.

మొదట హారికను పిలిచి చెప్పాను. "నాలుగో ప్రశ్న నీదే కరెక్ట్. ఇంకా చాలా కరెక్టే. నేను వేరే కీతో దిద్దాను. నువ్వు చెప్పినప్పుడు వినాల్సింది."

"సో... ఐ కెన్ మార్చ్?"

"జాబితాలోంచి నీ పేరు తీసేశాను."

"ఇట్స్ ఫైన్ ఆంటీ. రీసెట్," అని భుజాలెగరేసి పరిగెత్తింది. మిసెస్ రావు అని నేను సరిదిద్దలేదు.

గురువారం తండ్రితో మాట్లాడటం అంతకంటే కష్టమైంది. కిశోర్ గారు మార్కు విని సంతోషించారు గాని ఫారం మాత్రం వదల్లేదు. "ఎయిటీ అంటే బి మేడమ్. బ్యాండ్ లేకపోతే ఎ గ్రేడ్ వచ్చేదేమో. మొన్న మీరే కదా బ్యాండ్ వల్ల అన్నారు?"

"అన్నాను. చూడకుండా అన్నాను," అన్నాను. "మీ అమ్మాయి రోజూ పార్కింగ్ లాట్‌లో చేస్తున్న లెక్కలు మొన్నే చూశాను. దాని వల్ల మార్కులు పోవడం లేదు. ఈ ఫారం మీద నేను సంతకం పెట్టను. మీరు పట్టుబడితే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళవచ్చు, మీకు ఆ హక్కుంది."

ఆయన ఫారం అందుకున్నారు. "ఈ సీజన్ వరకే మేడమ్" అని మడిచి తీసుకెళ్ళారు.

శనివారం పోటీకి టికెట్ కొనుక్కుని వెళ్ళాను. స్టాండ్స్‌లో కిశోర్ గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. "అందరికీ ఒకటే టోపీ. ఇందులో మాది ఎక్కడండీ?" నలభై గజాల గీత దగ్గర చూపించాను. రెండు వందలమంది ఒకరి మధ్య నుంచి ఒకరు వెనక్కి నడుస్తుంటే, "ఒక్కరూ గుద్దుకోరేంటి!" అన్నారు, ఫోన్‌లో తీయడం మరచిపోయి. మా బ్యాండ్ ఫైనల్స్‌కు వెళ్ళలేదు. హారిక ప్రీకాల్క్యులస్ ఎనభై ఆరుతో ముగించింది, ఎ గ్రేడ్ రాలేదు. మరుసటి ఏడాది మాత్రం ఆమె పేరు మీద మానేసే ఫారం నా దగ్గరికి రాలేదు.

ఆ పని రిటైరయ్యే దాకా చేశాను. జాబితాకు ఎక్కబోయే ప్రతి విద్యార్థినీ పిలిపించి, పేపరు వాళ్ళ ఎదుటే మళ్ళీ దిద్ది, ఆ తరువాతే సంతకం పెట్టేదాన్ని. చాలామంది నిజంగానే తప్పినవాళ్ళు. బ్యాండ్ పిల్లల్లోనూ సోమరులు ఉంటారు. బ్యాండ్‌లో చేరిస్తే చదువు బాగుపడుతుందా అని తెలుగు తల్లిదండ్రులు నన్ను ఇప్పటికీ అడుగుతారు. దానికి లెక్కలు నా దగ్గర లేవు. నేను గమనించింది ఒక్కటే. మిగతా పిల్లలు తమకు రానిదాన్ని గ్రేడ్లు వచ్చేదాకా దాచుకునేవారు; బ్యాండ్ పిల్లలు ఆ రోజే నా టేబుల్ దగ్గరికి తెచ్చేవారు. తప్పు జరగడానికీ దాన్ని చెప్పడానికీ మధ్య వాళ్ళకు రెండు మూడు సెకన్లు చాలు. నాకు పన్నెండు రోజులు పట్టింది.