పురుగు వీపు మీద నూకలు

ఆయన పోయాక సెక్టర్ 4లోని మా క్వార్టర్ గేటు తీసేది పక్కింటి ఆవిడ ఒక్కతే. అదీ కరివేపాకు కోసం. "పిన్నీ, రెండు రెబ్బలు కోసుకుంతాను" అంటూ సాయంత్రం వచ్చేది. కోతకు నిమిషం, కబుర్లకు అరగంట. ఆ కబుర్ల కోసం మధ్యాహ్నం నుంచే ఎదురు చూసేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

వానలు పడ్డాక మొక్కకు పచ్చ పురుగులు పట్టాయి. వారం తిరిగేసరికి ఈనెలే మిగిలాయి. "ఏటి పిన్నీ, ఇలా బోడైపోనాది! పోన్లే, పవర్ హౌస్ బజార్లో తెచ్చుకుంతాన్లే" అని ఆవిడ గేటు దగ్గర్నించే వెళ్ళిపోయింది. ఆ పురుగుల మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు చూస్తే కొన్ని పురుగుల వీపు మీద తెల్లటి నూకల్లాంటివి అంటుకుని ఉన్నాయి. గుడ్లే అనుకున్నాను. ఆ పురుగులన్నిటినీ ఏరి చెప్పుతో నలిపేశాను. ఆ పూట హాయిగా భోంచేశాను కూడా.

మా గిన్నె తిరిగి ఇచ్చిపోవడానికి వచ్చిన పక్కింటావిడ కూతురు, కాలేజీలో జువాలజీ చదివే పిల్ల, సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"అరే అమ్మమ్మా, అవి అండే కావు, గుడ్లనుకున్నావేటి! చిన్న కందిరీగ ఒకటి ఈ పురుగు లోపల గుడ్లు పెట్టెస్తాది. పిల్లలు లోపల్నించి తినీసి, బయటికొచ్చి దాని వీపు మీద ఆ తెల్ల గూళ్ళు కట్టుకుంతాయి. ఇంక ఆ పురుగు ఆకు ముట్టదు. మొక్క దోస్తుల్నే చంపేశావు."

నా తొందరపాటును నేనే తిట్టుకున్నాను. కొమ్మ అడుగున అలాంటి పురుగు ఒకటి మిగిలి ఉంటే దాని జోలికి పోలేదు. రోజూ టీ గ్లాసుతో దాని ముందు కూర్చునేదాన్ని. తినదు, కదలదు. తనను తినేసినవాటినే మోస్తూ అలా ఉండిపోయింది. కోపం పోయి జాలేసింది. ఒక ఉదయం గూళ్ళ మూతలు తెరుచుకుని, దోమకన్నా చిన్న కందిరీగలు ఎగిరిపోయాయి. ఆ తర్వాత వచ్చిన పురుగుల మీద కూడా నూకలు కనిపించాయి. దసరా నాటికి మొక్క గుబురుగా చిగిర్చింది.

గేటు మాత్రం చప్పుడు చేయలేదు. నాలుగు సాయంత్రాలు చూశాను. ఐదో రోజు గుప్పెడు రెబ్బలు కోసుకుని నేనే వెళ్ళి వాళ్ళ బెల్లు కొట్టాను.

"అయ్యో పిన్నీ, ఇప్పుడే బజార్నించి తెచ్చీసినాను" అంది ఆవిడ తలుపు తీస్తూ.

"ఆకు కోసం కాదే తల్లీ. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేకపోతన్నాను. కాసేపు కూర్చోనా?"