బొమ్మ కారు అడుగున లావణ్య పేరు

మందుల అట్టల మీద గడువు తేదీని అంత చిన్న అక్షరాలతో ఎందుకు వేస్తారో నాకు తెలియదు. చదివేలోపు గడువు దాటిపోతుంది. ఈ ఉదయం జగిత్యాలలో, పాఠం చెప్పడానికి కాలేజీకి బయలుదేరే ముందు, భూతద్దం కోసం సొరుగులో చెయ్యి పెడితే వేళ్లకు చల్లటి లోహం తగిలింది. అరచేతిలో సగం కూడా నిండని పసుపుపచ్చ కారు. అలవాటుగా వెల్లకిలా తిప్పాను. అడుగున కంపెనీ ముద్ర, దేశం పేరు, వాటి మీదుగా సూదితో గీకిన ‘లావణ్య, సిరిసిల్ల’.

ఏ వస్తువునైనా తిరగేసి చూడడం నాకు నేర్పింది సిరిసిల్లలో మా పక్కింటి సత్తయ్య కాక. పెళ్లిచూపుల్లో టీ సాసరును కూడా తిరగేశాను, సంబంధం కుదరలేదు. కాక సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మా ఊళ్లో అలాగే అంటారు. గిరాకీ పడిపోయి అవి ఆగినప్పుడు దుబాయి వెళ్లి, ఒక పెద్ద బొమ్మల దుకాణంలో నేల తుడిచాడు. నడుము అరిగాక తిరిగొచ్చాడు. అప్పటికి నేను డిగ్రీ పూర్తి చేసి, పూర్తిగా ఖాళీగా ఉన్నాను. ఇద్దరం నిరుద్యోగులమే, ఆయనకు అనుభవం ఎక్కువ.

"బట్టను ముందల జూస్తె రంగే కనవడ్తది. తిరగేస్తెనే నేత తెలుస్తది," అంటూ ఒకే అచ్చులో పోసిన నాలుగు కార్లను వెల్లకిలా పేర్చేవాడు. సెలవు రోజుల్లో దుబాయి పాత సామాన్ల బజారులో ఏరినవి. ఒకదాని అడుగున ఇంగ్లండు, తర్వాతిదానికి మకావ్, ఆ తర్వాత చైనా, చివరికి థాయిలాండ్. కంపెనీ పేరు మాత్రం ఒకటే. "కూలి అగ్గువున్న కాడికి కంపెనీ పోయింది. కూలి దొరికే కాడికి నేను పోయిన. ఇద్దరం తొవ్వల ఎదురువడ్డం." అడుగున ఉన్న సంవత్సరాన్ని బట్టి కారు వయసు చెప్పబోయి నేను దొరికిపోయాను. "అది అచ్చు పుట్టిన ఏడురా, బొమ్మది గాదు. నా పాస్‌పోర్టుల ఏడు లెక్క. ఏజెంటు ఏసిండు, నాకేం ఎర్క?"

అక్కణ్నుంచి సెలవుకు వచ్చే కోరుట్ల వాళ్ల చేత కూతురు లావణ్యకు ఆ కార్లు పంపేవాడు. పదిమంది సామాను ఒకే సంచిలో వచ్చేది. మారిపోకుండా ప్రతి కారు అడుగునా పేరు గీకేవాడు. అలా పదకొండేళ్లు. ఆయన వచ్చేసరికి లావణ్య ఇంటర్ చదువుతోంది. తండ్రికి చెప్పాల్సింది కూడా తల్లికే చెప్పేది.

ఇలాంటి బొమ్మలు సేకరించే పెద్దమనిషిని కరీంనగర్ నుంచి పిలిపిస్తానన్నాను. కాక గొంతు తగ్గించాడు. "అమ్మద్దురా. బిడ్డ ముందర మంచియని ఒక్కమాట అంటె సాలు."

వచ్చినాయన పసుపు కారును తిప్పాడు. "మకావ్‌లో చేసింది! ఇది దొరకదండీ," అన్నాడు. తర్వాత గీతలు చూసి కింద పెట్టేశాడు. "ఎవరు పాడు చేశారు? ఇక పనికిరాదు."

"నేనే సార్. పేరు లేకుంటె ఎవలింటికో పోతుండె."

ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. కాక కూతురి వైపు తిరిగి నవ్వబోయాడు. "దొరకదన్నడు గద బిడ్డా, ఇన్నవా?"

లావణ్య ఆ కారు తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తీస్కో అన్నా. నాకు కార్లిష్టమా అని బాపు ఒక్క ఫోన్ల గూడ అడుగలే."