దుప్పట్లు ఆరేదాకా

మా లాండ్రీ పై వాటా పిన్నిగారు పోయి నెల కావస్తోంది. ఆ రోజు పొద్దున నేను లాండ్రీ షట్టరు ఎత్తుతుంటే వాచ్‌మన్ వచ్చి, "పైన పోయారమ్మా" అన్నాడు. "బాబాయిగారా?" అన్నాను వెంటనే. తొమ్మిదేళ్ళుగా పక్షవాతంతో మంచంలో ఉన్నది ఆయన. "కాదమ్మా, అమ్మగారే. పాలు కాస్తా కాస్తా కూలిపోయారంట" అన్నాడు. ఆయన పేరు అంత తేలిగ్గా నా నోటికి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

గవర్నర్‌పేటలో, లాడ్జీలున్న సందులో మాది మెషిన్లో రూపాయి బిళ్ళలు వేసి ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కునే లాండ్రీ. ఆటోనగర్‌లో మావారి స్పేర్ పార్టుల కొట్టు మూతపడ్డాక నా పేరున లోను తీసి పెట్టాం. అయిదేళ్ళ అగ్రిమెంటు. మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు వెనక్కి రాదు. ఆర్నెల్లకే మావారికి కొండపల్లి దగ్గర ఉద్యోగం దొరికింది. కిటికీ లేని ఆ గది నాకు మిగిలింది.

పిన్నిగారితో మొదటి మాట బట్టలారబెట్టే డ్రయ్యర్లు కొనేటప్పుడే కలిసింది. కొట్టు ఇంకా తెరవలేదు. మెషిన్లు అమ్మే ఏజెంటు పదిహేను కేజీల డ్రయ్యర్లు మూడు తీసుకోమనీ, ఒకసారి వేసే లోడుకి వంద రూపాయలు పెట్టమనీ చెబుతున్నాడు. నేను పెన్ను తీశాను. కూరగాయల సంచీతో మెట్లెక్కబోతున్న పిన్నిగారు ఆగారు.

"ఏమ్మా, ఇక్కడికొచ్చేదెవరు?"

"లాడ్జీల్లో దిగినవాళ్ళండీ. హాస్టలు పిల్లలు."

"వాళ్ళకేముంటాయి, రెండు చొక్కాలూ ఓ తువ్వాలూ. గుప్పెడు బియ్యానికి గంగాళం పెడతారా ఎవరైనా? చిన్నవి నాలుగు తీసుకో. పెద్దది ఒక్కటి చాలు, దుప్పట్లకి."

"మరి రేటండీ?"

"లోడుకింతని పెట్టమాక. జీన్సు ప్యాంటూ పల్చటి తువ్వాలూ ఒక్కలాగే ఆరతాయా? పది నిమిషాలకి పది రూపాయలని పెట్టు. ఎవడిది ఎంతసేపు ఆరితే వాడంతే ఇస్తాడు."

ఏజెంటు మొహం మాడ్చుకున్నాడు. నేను ఎనిమిది కేజీలవి నాలుగు, పదిహేను కేజీలది ఒకటి తీసుకున్నాను. ఆ సందులో కొట్లవాళ్ళు పది రూపాయల బిళ్ళ చెల్లదని తిప్పి పంపేవారు. మా దగ్గర అదే కావాలి. "పోనీలే, ఎక్కడా చెల్లనిది నీ దగ్గర చెల్లుతోంది" అని పిన్నిగారు నవ్వేవారు.

ఆవిడే నా మొదటి ఖాతాదారు. బాబాయిగారి పక్కదుప్పట్లు రోజు విడిచి రోజు తెచ్చేవారు. తీసేముందు నాకు చూపించేవారు: "మధ్యలో పట్టుకు చూసి ఆరిందనుకోకు. అంచు పట్టుకు చూడు. అంచు ఆరితేనే ఆరినట్టు." ఇవాళ్టికీ కొత్తవాళ్ళకి నేను చెప్పేది అదే.

ఒక సంగతి మాత్రం చాలాకాలం అర్థం కాలేదు. పెద్ద డ్రయ్యరు ఖాళీగా ఉన్నా ఆవిడ దుప్పట్లన్నీ చిన్నదాంట్లోనే కుక్కేవారు. పెద్దదాంట్లో అరగంటలో ఆరేవి చిన్నదాంట్లో గంట పట్టేది. డబ్బులూ ఎక్కువే.

"పిన్నిగారూ, అందులో వెయ్యండి, తొందరగా అయిపోతుంది" అన్నాను ఒకరోజు.

"తొందరగా ఆరితే తొందరగా పైకెళ్ళాలి కదమ్మా" అన్నారు.

ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తిరిగే బట్టల్ని చూస్తూ ఉండిపోయారు. ఏమీ చదివేవారు కాదు, ఫోను చూసేవారు కాదు. బాబాయిగారు స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద కొడితే, అన్ని మెషిన్ల చప్పుడులోనూ ఆ చప్పుడు ఆవిడకి వినపడేది. నాకు వినపడేది కాదు.

రెండో ఏడు వానాకాలంలో నాకు విసుగు ముదిరింది. పొద్దున్నించీ ఆ వేడిలో, ఆ సబ్బు వాసనలో నిలబడి, ఎవరెవరివో బనీన్లు చూస్తూ. మావారికి ఆదివారం ఒక్కరోజే సెలవు, తిని నిద్రపోయేవారు. "అడ్వాన్సు పోతే పోయింది, మూసేస్తానండీ. జైల్లో ఉన్నట్టుంది" అన్నాను పిన్నిగారితో.

ఆవిడ దుప్పటి మడతపెడుతూ నెమ్మదిగా అన్నారు: "నువ్వు సాయంత్రానికి షట్టరు దించుతావుగా అమ్మాయ్. నాకదైనా లేదు."

నిష్ఠూరంగా అనలేదు. అందుకే నాకు బాగా తగిలింది.

ఆ తర్వాతి గురువారం ఆవిడ దుప్పట్లు వేసి, ఆరు బిళ్ళలు పెట్టి, "చూస్తుండు, ఇప్పుడే వస్తా" అని వెళ్ళారు. గంట తిరిగి డ్రయ్యరు ఆగింది. ఆవిడ రాలేదు. ఇంకో గంటకి వాచ్‌మన్ వచ్చి, పైన గ్లాసు మోగుతోందని చెప్పాడు. నేను పైకి పరిగెత్తాను. బాబాయిగారు ఒక పక్కకి జారిపోయి ఉన్నారు. ఎత్తి సరిగా పడుకోబెట్టి నీళ్ళు తాగించాను.

"ఏదీ?" అన్నారు, వంకర తిరిగిన నోటితో.

"లోడు పెద్దదండీ బాబాయిగారూ. ఇంకా ఆరలేదు" అన్నాను.

అన్నం వేళకి పిన్నిగారు వచ్చారు. చెప్పుల నిండా బురద. "ఎక్కడికెళ్ళారండీ?" అంటే, "ఎదురుగా బస్సొచ్చింది, ఎక్కేశా. కొండపల్లి దాకా పోయింది. దిగి, బొమ్మల కొట్ల ముందు కాసేపు నించుని, మళ్ళీ బస్సెక్కా" అన్నారు. ఏం కొన్నారని అడిగితే చేతులు చాపి చూపించారు. ఏమీ లేదు. అంతలో ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "ఆయన పడిపోతే ఏం చేసేదాన్ని? ఇంకెప్పుడూ వెళ్ళను."

"ప్రతి గురువారం వెళ్ళండి. నేను పైన కూర్చుంటాను" అని మాటిచ్చాను.

రెండు గురువారాలు వెళ్ళారు. ఓసారి బ్యారేజీ మీద గేట్లెత్తిన నీళ్ళు చూసొచ్చి, చిన్నపిల్లలా చెప్పారు. మూడో గురువారం ముసురు పట్టి హాస్టలు పిల్లలంతా ఒక్కసారే వచ్చిపడ్డారు. నేను పైకి వెళ్ళలేకపోయాను. "ఫర్లేదమ్మా, వ్యాపారం చూసుకో" అన్నారు. గురువారాల మాట ఆ తర్వాత ఎప్పుడూ ఆవిడ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను. ఎత్తలేదు. మూడేళ్ళు గడిచిపోయాయి. ఆవిడ మళ్ళీ ఆ కుర్చీలోనే.

కొట్టు నేను మూయలేదు. నిమిషాల లెక్కన రేటు పెట్టినందుకే లాడ్జీల వాళ్ళు అలవాటుపడ్డారు, లోను తీరుతోంది. ఆవిడకి ఏనాడూ నేను థాంక్స్ చెప్పలేదు.

పెద్దకర్మ అయ్యాక, గుడివాడ నుంచి వచ్చిన వాళ్ళమ్మాయి నాన్నగారిని తనతో తీసుకెళ్తానంది. ఇద్దరు మనుషులు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీంచి దించారు. తొమ్మిదేళ్ళలో ఆయన కిందికి రావడం అదే మొదటిసారి. లాండ్రీ ముందుకి రాగానే ఎడంచెయ్యి ఎత్తి ఆపమన్నారు.

"ఇక్కడేనా?" అన్నారు.

"ఇక్కడేనండీ పిన్నిగారు కూర్చునేది" అన్నాను.

కుర్చీని లోపలికి తెచ్చి దించారు. ఎవరో లాడ్జీ కుర్రాడి బట్టలు తిరుగుతున్నాయి. ఆయన అరచెయ్యి డ్రయ్యరు గాజు తలుపు మీద పెట్టి, ఉలిక్కిపడి, "ఇంత వేడా" అన్నారు. చెయ్యి మాత్రం తియ్యలేదు. బయట వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. వాళ్ళమ్మాయి గుమ్మంలో నిలబడిందే గాని, పిలవలేదు. ఇంకా పదకొండు నిమిషాలున్నాయని డ్రయ్యరు మీద ఎర్ర అంకెలు చూపిస్తున్నాయి. అవి ఒక్కొక్కటే తగ్గి, బట్టలు తిరగడం ఆగేదాకా ఆయన అలాగే చూస్తూ కూర్చున్నారు.